గుట్టను కాగితం మీదికి తేవడం: రెండు గుండ్ల మధ్య సందు, కాగితం తడి, చెల్క మట్టి రంగు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. నల్గొండలో ఉంటూ పానగల్లు ఉదయసముద్రాన్నీ చుట్టుపక్కల గుట్టల్నీ నీటి రంగులతో కాగితం మీద వేస్తున్నారు. ఉన్నదున్నట్టు వేస్తే క్యాలెండర్ బొమ్మ అవుతోంది, అమూర్తంగా (అబ్‌స్ట్రాక్ట్‌గా) వేద్దామంటే రంగు మరకలే మిగులుతున్నాయి. కాగితం అలలుగా లేస్తోంది, రంగు బురదైపోతోంది. మన ఎర్రమట్టితో రంగు చేసుకోవచ్చా అని కూడా అడిగారు. చేసుకోవచ్చు. దాని సంగతి చివర్లో చెప్తాను, ముందు బొమ్మ గురించి.

క్యాలెండర్ బొమ్మ ఎలా తయారవుతుందో చూడండి. కాగితం ముందు కూర్చోగానే చెయ్యి అలవాటుగా మూడు పట్టీలు గీసేస్తుంది. పైన ఆకాశం, నడుమ గుట్ట, కింద నీళ్లు. ఆ మూడు పట్టీలు పడ్డాక ఏ రంగు వేసినా కంటికి కనపడేది పాత దృశ్యమే. అప్పుడు అమూర్తం కోసమని గుడి తీసేస్తాం, తాటిచెట్టు తీసేస్తాం, అంచులు చెరిపేస్తాం. చివరికి చేతిలో ఉండేది మసకబారిన క్యాలెండర్. ఒక్కోటీ తీసేసుకుంటూ పోతే అమూర్తం రాదు. ఆ చోట ఒక్క సంగతిని పట్టుకుని, కాగితం మొత్తం దానికే అప్పజెప్పాలి.

నల్గొండ, పాలమూరు నేలలో ఆ సంగతి ఏదని అడిగితే నేను సందు అంటాను. దేవరకొండ వైపో కోయిలకొండ వైపో వెళ్లినప్పుడు గుండు మీద గుండు నిలిచిన చోట దగ్గరికెళ్లి చూడండి. గ్రానైటులో నిలువుగా, అడ్డంగా పగుళ్లు ముందే ఉంటాయి. వాటిలోకి నీళ్లు దిగుతాయి. దిమ్మె మూలలకు రెండు మూడు వైపుల నుంచి తడి తగులుతుంది కాబట్టి మూలలే ముందు అరుగుతాయి, లోపలి రాయి గుండ్రంగా తేలుతుంది. అందుకే ఇంత పెద్ద గుండు కింది గుండును తాకేది జానెడు మేరే. అక్కడి నుంచి రెండు వైపులా సందు వెంట్రుకంత సన్నగా మొదలై, పోను పోను వెడల్పై, అవతలి వెలుగును చూపిస్తుంది. రాయి బరువు మన కంటికి తెలిసేది ఆ వెలుగు చీలిక వల్లే. సందు మూసేసి చూడండి, గుండు బెండులా తేలిపోతుంది.

దీన్ని కాగితం మీదికి తేవాలంటే సందును రంగుతో వేయకూడదు, కాగితాన్నే వదిలేయాలి. 15×22 అంగుళాల సగం షీటు మీద, రెండు ఆకారాలు తాకే చోట 1 మిల్లీమీటరు, అంచుకొచ్చేసరికి 10–12 మిల్లీమీటర్ల వరకు తెల్లగా ఉంచండి. సందు మొదటి నుంచి చివరి దాకా ఒకే వెడల్పుంటే గచ్చు మీద టైల్స్ పరిచినట్టు కనిపిస్తుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ల బొమ్మల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే. ఇంకో లోపం, పై ఆకారం ఆరకముందే కింది ఆకారం వేయడం. తడి తడిని పట్టుకుని రెండూ కలిసిపోతాయి, సందుతో పాటు బరువూ పోతుంది. పై ఆకారం చేతి వెనకవైపు తగిలిస్తే చల్లగా అనిపించనంత వరకు ఆరనివ్వాలి. చల్లగా ఉందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. పొరపాటున సందు మూసుకుపోతే తెల్లరంగుతో దిద్దకండి. కాగితం తెలుపు లోపలి నుంచి వెలుగుతుంది, పూసిన తెలుపు పైన కూర్చుంటుంది. ఆ తేడా పది అడుగుల దూరం నుంచి కూడా తెలుస్తుంది.

పెద్ద కాగితం ముట్టుకునే ముందు, అక్కడే కూర్చుని చిన్న డబ్బాలు గీయండి. ఒక్కోటి 7×10 సెంటీమీటర్లు, మొత్తం పన్నెండు. ఒక నల్ల మార్కరు, ఒక బూడిద రంగు మార్కరు, కాగితం తెలుపు, అంతే. ఒక్కో డబ్బాకు రెండు నిమిషాలు మించొద్దు. మొదటి నాలుగైదింటిలో ఆకాశం, గుట్ట, నీళ్లే వస్తాయి, రానివ్వండి. ఏడో డబ్బా నుంచి ఆకాశం గీయడం మానేయండి. పన్నెండూ అయ్యాక కాగితం తలకిందులు చేసి చూడండి. తలకిందులుగా పెట్టినా బరువు ఎటు మొగ్గుతోందో తెలుస్తున్న డబ్బా ఏదైతే ఉందో, పెద్ద కాగితానికి అది సరిపోతుంది. ఫోటో చూసి వేయొద్దు. ఫోన్ కెమెరా సందులోని వెలుగునూ ఆకాశంలోని వెలుగునూ ఒకే తెలుపు చేసేస్తుంది.

ఇంకో దారి కూడా ఉంది. లతీఫ్ సాహెబ్ గుట్ట మీదికెక్కి కిందికి చూడండి. అక్కడి నుంచి దిగంతం మీ చూపులో లేకుండా నిలబడొచ్చు. కింద కనిపించేది పట్వారీల కాలపు గ్రామ నక్షాలా ఉంటుంది. గట్లు, బాటలు, తూము కింద పచ్చగా సాగిన పట్టీ, ఎండిన కుంటలో శిఖం భూమి, అంటే నీళ్లు నిలిచే అడుగు నేల. ఎండాకాలంలో నీరు వెనక్కి తగ్గేకొద్దీ శిఖంలో ఒకదాని లోపల ఒకటిగా అంచులు మిగులుతాయి, ఏ అంచు రంగు దానిదే. దాన్ని వేయడానికి కుంచెలో నైపుణ్యం కన్నా ఓపిక కావాలి. ఒక పొర వేసి పూర్తిగా ఆరనిచ్చి, దాని అంచు పావు అంగుళం వదిలి లోపల ఇంకో పొర వేయాలి. ఐదారు పొరలు చాలు.

చోటును ఇలా అమూర్తంగా వేసిన చిత్రకారుల్లో ముందుగా గణేశ్ హలోయ్ బొమ్మలు వెతికి చూడండి. 1936లో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని జమాల్‌పూర్‌లో పుట్టి, దేశ విభజన తర్వాత కోల్‌కతా వచ్చారు. పురావస్తు శాఖ తరఫున ఏళ్ల తరబడి అజంతా కుడ్యచిత్రాలకు నకళ్లు వేశారు. తర్వాత కాగితం మీద గువాష్‌తో (కింది పొర కనపడనివ్వని చిక్కటి నీటి రంగు) వేసిన బొమ్మల్లో పొలం, నీళ్లు, గట్టు అన్నీ ఉంటాయి, దిగంతం ఉండదు. విశాలంగా పరిచిన ఒక రంగు, దాని మీద చిన్న గీతలు, చుక్కలు, త్రికోణాలు. జర్మనీకి చెందిన డాక్యుమెంటా అంతర్జాతీయ కళా ప్రదర్శనలో 2017లో ఆయన పనులు పెట్టారు. ఎన్ని గుర్తులు వేశారో ఒక్కో బొమ్మలో లెక్కపెట్టండి, ఎంత తక్కువతో సరిపెట్టారో తెలుస్తుంది. నస్రీన్ మొహమదీ (1937–1990) సిరా, పెన్సిల్ గీతలతోనే చోటును నిలబెట్టారు. రామ్ కుమార్ (1924–2018) కాశీ బొమ్మల్లో ఇళ్లు, మెట్లు, నది ఎలా దిమ్మెలైపోయాయో చూడండి. మన దగ్గరి వాళ్లలో మధిరలో పుట్టిన సూర్యప్రకాశ్ నీళ్లనూ ఆకుల్నీ అమూర్తం అంచు దాకా తీసుకెళ్లారు. అయితే హలోయ్ రంగుల్ని మాత్రం ఎత్తుకోకండి. అవి బెంగాల్ తడి నేలవి. మన ఎండ పొడి ఎండ, నీడలకు అంచు గట్టిగా ఉంటుంది.

ఇక కాగితం. అలలుగా లేవడానికి కారణం మీ చెయ్యి కాదు. దూది నార తడి తగిలితే అడ్డంగా ఉబ్బుతుంది. తడిసిన చోట పెరిగి, పొడిగా ఉన్న చోట పెరగక, మధ్యలో కాగితం లేస్తుంది. రంగు ఆ పల్లాల్లోకి జారి అక్కడే మడుగు కడుతుంది. 300 జిఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు) కాగితమైనా సగం షీటు మొత్తం తడిపితే లేస్తుంది. 640 జిఎస్ఎం లేవదు, కానీ ఖరీదు. కాబట్టి 300 కొని బిగించుకోండి. నూరు శాతం దూది కాగితం, కోల్డ్ ప్రెస్ (కాస్త గరుకు) లేదా రఫ్ (బాగా గరుకు). చెక్క గుజ్జు కాగితం మీద మూడో పొరకే పైతోలు లేచి నూలుపోగుల్లా ఊడుతుంది.

బిగించే పద్ధతి: 18 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ ముక్క, కాగితం కన్నా చుట్టూ 2 అంగుళాలు పెద్దది. నీళ్లు తగిలిస్తే అంటుకునే గోధుమరంగు గమ్ టేపు, 2 అంగుళాల వెడల్పు. సెల్లోటేపు, మాస్కింగ్ టేపు ఇక్కడ పనికిరావు, తడి కాగితాన్ని పట్టుకోలేవు. చేతులు తడవక ముందే టేపును నాలుగు ముక్కలు కోసి పక్కన పెట్టుకోండి. కాగితాన్ని తొట్టిలో 5 నిమిషాలు నానబెట్టి, ఒక మూల పట్టుకుని ఎత్తి నీళ్లు కారనివ్వండి. ప్లైవుడ్ మీద పరిచి, స్పాంజితో నడుమ నుంచి అంచులకు గాలి నెట్టేయండి. రుద్దకండి, అద్దండి. అంచుల మీది తడి పాత తువ్వాలుతో తీసేసి, టేపు మీద తడి స్పాంజి ఒక్కసారే నడిపి, సగం కాగితం మీద, సగం చెక్క మీద పడేలా అంటించండి. టేపు ఊడిందంటే చాలాసార్లు స్పాంజి రెండు మూడు సార్లు నడిపి జిగురంతా కడిగేసినట్టే.

తర్వాత పలకను నేల మీద సమంగా పెట్టి, నీడలో రాత్రంతా వదిలేయండి. ఫ్యాన్ వేయొద్దు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఫ్యాన్ కింద పెడితే అంచులు గంటలో ఆరి బిగుసుకుంటాయి, నడుమ ఇంకా తడే. నడుమ ఆరడం మొదలయ్యేసరికి లాగుడుకు టేపు పక్కనే కాగితం చిరుగుతుంది. బొమ్మ పూర్తయ్యేదాకా పలక మీదే ఉంచి, చివర్లో బ్లేడుతో ఒక పొట్టి వైపు, తర్వాత ఎదుటి పొట్టి వైపు, ఆ తర్వాత పొడవు వైపులు కోయండి.

కొన్న కాగితం పాత సరుకా కాదా అన్నది కూడా చూసుకోవాలి. మూలన ఒక నీటి చుక్క వేయండి. నిమిషం పాటు చుక్క చుక్కలాగే నిలిస్తే కాగితానికి పట్టించిన జిగురు బాగుంది. వేయగానే ఇంకి ముదురు మచ్చ పడితే జిగురు పోయింది. వేడికి, చెమ్మకు చాలాకాలం నిల్వున్న కాగితం ఇలాగే అవుతుంది, రంగు పరిస్తే చుక్కలు చుక్కలుగా తాగుతుంది. పారేయక్కర్లేదు. లీటరు గోరువెచ్చని నీళ్లలో 20–25 గ్రాముల జెలటిన్ కరిగించి వెడల్పు కుంచెతో ఒక పూత వేసి ఆరనిస్తే మళ్లీ పనికొస్తుంది. జెలటిన్‌ను మరిగించకండి, దాని పట్టు పోతుంది.

నీళ్ల విషయం మన జిల్లాకు ప్రత్యేకం. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. పలుచటి రంగు మడుగై ఆరిన చోట అంచు వెంబడి తెల్లటి పొడి కనపడితే అది రంగు లోపం కాదు, నీళ్ల లోపం. పెద్ద పూతలకు ఫిల్టరు నీళ్లో, పట్టిపెట్టుకున్న వాననీళ్లో వాడండి. కుంచె కడగడానికి బోరు నీళ్లు చాలు. పటిక వేసి తేర్చిన నీళ్లు మాత్రం రంగులో కలపొద్దు. నీళ్లలోని మట్టిని ముద్దగట్టించే గుణమే రంగు రేణువుల మీదా పనిచేస్తుంది. పైగా పటిక ఆమ్లం కాగితాన్ని ఏళ్లు గడిచేకొద్దీ పెళుసు చేస్తుంది.

రంగు బురదవడానికి ముఖ్యమైన కారణం సగం ఆరిన పూతలో మళ్లీ కుంచె పెట్టడం. కాగితం మెరుస్తున్నంత సేపు చెయ్యి పెట్టొచ్చు. మెరుపు పోయి మసకగా కనపడగానే కుంచె పక్కన పెట్టాలి. ఆ దశలో తాకితే కింది రేణువులు లేచి పై రంగులో కలుస్తాయి, నీళ్లు ఎక్కువైతే గోబిపువ్వు లాంటి అంచులు పడతాయి. మళ్లీ ముట్టుకోవడం పూర్తిగా ఆరాకే. రెండో కారణం ట్యూబులు ఎక్కువ కావడం. ఒక పూతలో రెండు రంగు పదార్థాలకు (పిగ్మెంట్లకు) మించి కలపకండి. పేర్లు నమ్మకుండా ట్యూబు మీది కోడ్ చూడండి. ఎల్లో ఓకర్ అంటే పి.వై.42 లేదా 43, ఇనుపరాతి ఎరుపు పి.ఆర్.101, అల్ట్రామెరైన్ నీలం పి.బి.29, వీటితో పాటు ఎర్ర గోధుమరంగు బర్న్ట్ సియెన్నా. ఈ నాలుగూ చాలు. అల్ట్రామెరైన్, బర్న్ట్ సియెన్నా కలిస్తే మన రాతి బూడిద వస్తుంది. సియెన్నా కాస్త పెంచితే గులాబీ గ్రానైటు. రఫ్ కాగితం మీద అల్ట్రామెరైన్ రేణువులు గుంటల్లోకి దిగి చుక్కలు కడతాయి, రాతి పలుకులు వేయకుండానే వస్తాయి. అల్ట్రామెరైన్, ఓకర్ కలిపితే ఎండాకాలపు కంపచెట్ల ఆకుపచ్చ. ట్యూబు ఆకుపచ్చ కొనకండి. పి.ఆర్.83 అని ఉన్న ఎలిజరిన్ ఎరుపు, మిలమిల మెరిసే గులాబీ రంగులు వెలుగుకు వెలిసిపోతాయి, వాటినీ వదిలేయండి. సగం షీటు మొత్తానికి ఒక పూత వేయాలంటే కనీసం 40–50 మి.లీ. ఒకేసారి గిన్నెలో కలిపి పెట్టుకోండి. మధ్యలో అయిపోయి మళ్లీ కలిపితే అదే రంగు రాదు, ఈలోగా అంచూ ఆరిపోతుంది.

ఇప్పుడు మట్టి. ఎరువులు, మందులు పడిన పొలం మట్టి వద్దు. రోడ్డు కోసిన గట్టు, కొత్తగా తవ్విన బావి లాంటి చోట్ల లోపలి పొర నుంచి కిలో చెల్క మట్టి (ఇసుక కలిసిన ఎర్రమట్టి) తెచ్చుకోండి. ఎండబెట్టి, నలగ్గొట్టి, రాళ్లు ఏరి, బకెట్‌లో పదింతలు నీళ్లు పోసి గట్టిగా కలపండి. ఒక నిమిషం ఆగితే ఇసుక అడుక్కి చేరుతుంది. పైనున్న ఎర్ర నీళ్లను మాత్రం ఇంకో బకెట్‌లోకి వంచుకోండి. ఒక రోజు ఆగి, తేట వంపేసి, మంచినీళ్లు పోసి మళ్లీ తేర్చండి. మూడుసార్లు చేస్తే ఉప్పులు పోతాయి. అడుగున మిగిలిన మెత్తటి ముద్దను పళ్లెంలో ఆరబెట్టి కల్వంలో నూరి, పలుచటి బట్టలో జల్లించండి. కిలో మట్టికి చేతికొచ్చేది కొద్దిగానే. ఈ ఎరుపు ఇనుప ఆక్సైడ్, ఎండకు వెలవదు. పసుపు మట్టి దొరికితే కొంత ఇనుప పెనం మీద బాగా కాల్చి చూడండి, నీరు పోయి ఎర్రబడుతుంది. ఒకే మట్టి నుంచి రెండు రంగులు. హుజూర్‌నగర్, మట్టంపల్లి వైపు సున్నపురాయి పొడి మెత్తగా నూరి కలిపితే రంగుకు గువాష్ లాంటి మందం వస్తుంది. తడిగా ఉన్నప్పుడు ఆ తెలుపు కనపడదు, ఆరాక తేలుతుంది. కాబట్టి చిన్న ముక్క మీద ముందు ఆరబెట్టి చూడండి.

రేగడి మట్టితో జాగ్రత్త. ఆ బంకమట్టి తడికి ఉబ్బి, ఆరితే కుంచించుకుపోతుంది. చేనులో నెర్రెలు ఎందుకు కొడతాయో కాగితం మీదా అందుకే కొడుతుంది, పెచ్చులుగా రాలుతుంది. నీళ్లలా పలుచగా వేస్తే ఉంటుంది, మందంగా ఉండదు.

జిగురుకు తుమ్మబంక. ఏరి తీసిన లేత రంగు పలుకులు 50 గ్రాములు, వేడినీళ్లు 100 మి.లీ., రాత్రంతా నాననిచ్చి బట్టలో వడకట్టండి. ఒక చెంచా తేనె, రెండు చుక్కల లవంగ నూనె. తేనె పెళుసుదనం తగ్గిస్తుంది, లవంగ నూనె బూజు రానివ్వదు. నల్లమలలో చెంచులు తీసే తపసి బంక కూడా బంకే కదా అని వాడకండి. అది నీళ్లలో కరగదు, ఉబ్బి జావలా అవుతుంది, రంగును పట్టదు. మట్టిపొడి, జిగురు కొలతకు సమానంగా తీసుకుని గాజుపలక మీద అడుగు చదునుగా ఉన్న గాజు గ్లాసుతో సున్నాలు చుడుతూ పది పదిహేను నిమిషాలు నూరండి. కాగితం మీద పూసి ఆరాక వేలితో రుద్దండి. వేలికి పొడి అంటితే జిగురు చాలలేదు. మెరిసి, సన్నని పగుళ్లు పడితే ఎక్కువైంది. బంకమట్టి ఎక్కువున్న రంగు మామూలు కన్నా జిగురు ఎక్కువ తాగుతుంది, కాబట్టి ఏ ఊరి మట్టికి ఆ ఊరి కొలత డబ్బా మీద రాసుకోండి.

ఎండాకాలంలో పని ఉదయం ఎనిమిది లోపు ముగించుకోండి. తప్పకపోతే 100 మి.లీ. రంగు నీళ్లకు అయిదారు చుక్కల గ్లిజరిన్ కలపొచ్చు, ఆరడం కాస్త నెమ్మదిస్తుంది. వానాకాలంలో గ్లిజరిన్ వద్దు, బొమ్మ జిగటగా ఉండిపోయి మీద పెట్టిన కాగితానికి అతుక్కుంటుంది. సందులు కాపాడుకోవడానికి మాస్కింగ్ ద్రవం (రంగు అంటకుండా పూసి, తర్వాత ఒలిచేసే రబ్బరు ద్రవం) వాడితే అదే రోజు తీసేయాలి. మన వేడికి రెండు రోజులుంటే కాగితం పైపొరతో సహా లేచొస్తుంది. చేయి అలవాటయ్యాక అది లేకుండానే వదలడం నేర్చుకోండి, అంచులో ప్రాణం ఉంటుంది.

బండ పలుకులే కావాలంటే పలుచటి కాగితాన్ని గ్రానైటు మీద పరిచి మెత్తటి పెన్సిల్‌తో రుద్ది, ఆ ముక్కను గోధుమ పిండి గంజితో మందపు కాగితం మీద అంటించొచ్చు. పురుగు పట్టకుండా గంజిలో మైలుతుత్తం వేసే పాత అలవాటుంది, మీరు వేయొద్దు. మైలుతుత్తంలోని రాగి లోహం కాగితాన్ని కుళ్లబెడుతుంది. ఫ్రేములో గాజు బొమ్మను తాకకూడదు, మధ్య 4–5 మిల్లీమీటర్లు ఎడం ఉండాలి. వానాకాలపు చెమ్మ గాజు లోపలివైపు పట్టిందంటే బంక మెత్తబడి గాజుకే అంటుకుంటుంది.

పాడైన షీట్లు పారేయకండి. దూది కాగితాన్ని కుళాయి కింద మెత్తటి స్పాంజితో కడిగితే మట్టి రంగు చాలావరకు పోయి లేత ఎరుపు మిగులుతుంది. దాన్ని మళ్లీ బిగించి మీదే వేయొచ్చు. మరీ పనికిరాని వాటిని బెత్తెడు ముక్కలుగా కోసి, కొత్త మట్టి తెచ్చిన ప్రతిసారీ ఒక ముక్క మీద పూసి, సగం నల్లకాగితంతో కప్పి దక్షిణం కిటికీకి రెండు నెలలు అంటించి ఉంచండి. కప్పిన సగానికీ కప్పని సగానికీ తేడా కనపడితే రంగు వెలుస్తున్నట్టే. వెనక పెన్సిల్‌తో ఊరు, తేదీ, జిగురు కొలత రాయండి.